తూర్పు హైదరాబాద్ కథలు – 17: కంచన్‌బాగ్ కొలిమిలో కడలి గొంతు

గత భాగంలో మూసారాంబాగ్ గుట్ట మీద రేమండ్ సమాధి దగ్గర ఆగాం. నిజాం కొలువులో చేరి, ఫిరంగులు పోతపోయించి, 1798లో కన్నుమూసిన ఆ ఫ్రెంచి సేనానితో ఈ దిక్కున లోహవిద్య కథ ముగియలేదు. దాని రెండో అధ్యాయం 20వ శతాబ్దంలో మొదలైంది. ఆ గుట్టకు నాలుగైదు మైళ్ళ దూరంలోనే మొదలైంది.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి సైదాబాద్, ఐ.ఎస్.సదన్ దారిన వెళ్ళినా, ఎల్బీనగర్ నుంచి బైరామల్‌గూడ, కర్మన్‌ఘాట్ మీదుగా ఇన్నర్ రింగ్ రోడ్డు పట్టుకున్నా చేరేది ఒకచోటికే. పొడుగాటి ప్రహరీలు, వాటి మీద ముళ్ళకంచెలు, గేటు గేటుకూ కాపలా. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, భారత్ డైనమిక్స్, మిధాని. కంచన్‌బాగ్ అనగానే జనానికి పృథ్వి, అగ్ని క్షిపణులు గుర్తొస్తాయి. అది న్యాయమే. కానీ ఈ గోడల వెనక సముద్రానికి సంబంధించిన పని కూడా ఒకటి జరిగింది. తీరం ఇక్కడికి రోడ్డు మీద మూడు వందల కిలోమీటర్ల పైనే. ఇన్నేళ్ళుగా ఆ పక్కనే కాపురముంటున్న మనకు ఆ పని సంగతి ఎవరూ చెప్పలేదు. ఈ భాగం దాని గురించే.

నీటి అడుగున రేడియో పనికిరాదు. ఉప్పునీరు రేడియో తరంగాలను కొద్ది దూరంలోనే మింగేస్తుంది. వెలుగు కూడా ఎంతో దూరం పోదు. మిగిలింది ధ్వని ఒక్కటే. గాలిలో సెకనుకు 340 మీటర్లు పోయే ధ్వని సముద్రంలో 1500 మీటర్ల దాకా పోతుంది. జలాంతర్గామిని వెతకాలన్నా, లోతు కొలవాలన్నా, అడుగున పెట్టిన పరికరం పైకి కబురు పంపాలన్నా ధ్వనే దిక్కు. ఆ ధ్వనిని ఎవరో పుట్టించాలి. కరెంటు ఇస్తే అదిరి నీటిని అదిరించే పరికరాన్ని ట్రాన్స్‌డ్యూసర్ అంటారు. ఇచ్చిన కరెంటులో ఎంత ధ్వనిగా మారింది, ఎంత వేడిగా వృథా అయింది అన్న లెక్క మీదే నూరేళ్ళకు పైగా ఈ విద్య నడిచింది. జనరేటర్లున్న ఓడ కొంత వృథా అయినా ఓర్చుకోగలదు. బ్యాటరీ మీద బతికే పరికరానికి ఆ లెక్కే ఆయుర్దాయం.

కథ గంటతో మొదలవుతుంది. 1826లో జెనీవా సరస్సులో కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు నీటిలో గంట కొట్టి, ఆవలి పడవలో చప్పుడు విని, నీటిలో ధ్వని వేగం సెకనుకు 1435 మీటర్లని తేల్చారు. 1901లో బోస్టన్‌లో పుట్టిన సబ్‌మెరైన్ సిగ్నల్ కంపెనీ దీపనౌకల కింద గంటలు వేలాడదీసి, పొగమంచులో ఓడలకు దారి చెప్పింది. 1912 ఏప్రిల్‌లో టైటానిక్ మంచుకొండను ఢీకొని మునిగింది. రెండేళ్ళకు, 1914 ఏప్రిల్ 27న, రెజినాల్డ్ ఫెస్సెండెన్ తన విద్యుత్ ఆసిలేటర్‌తో అట్లాంటిక్‌లో దాదాపు రెండు మైళ్ళ అవతలి మంచుకొండ నుంచి ప్రతిధ్వని రాబట్టాడు. అది సెకనుకు 540 సార్లు అదిరే బరువైన యంత్రం. గంటను మనిషి కొట్టాలి, దీన్ని కరెంటు కొడుతుంది. నీటి కింద ధ్వనికి విద్యుత్తుతో పెళ్ళి జరిగింది అప్పుడే.

ఆ వెంటనే మొదటి ప్రపంచయుద్ధం, జర్మన్ జలాంతర్గాములు. పారిస్‌లో పాల్ లాంజెవాన్ అనే భౌతికశాస్త్రవేత్తకు తన గురువు పియరీ క్యూరీ, ఆయన అన్న జాక్ కలిసి 1880లో కనిపెట్టిన సంగతి గుర్తొచ్చింది. పలుగురాయి స్ఫటికాన్ని నొక్కితే దాని ముఖాల మీద విద్యుదావేశం పుడుతుంది. తిరగేసి విద్యుత్తు పెడితే స్ఫటికం సాగుతుంది, ముడుచుకుంటుంది. లాంజెవాన్ సన్నటి పలుగురాయి ముక్కలను రెండు ఉక్కు పలకల మధ్య అతికించాడు. మొత్తం కట్టు ఒకే శ్రుతికి అదిరేలా పలకల మందం సరిచూశాడు. ఆ శ్రుతి దగ్గర కొద్ది కరెంటుకే పెద్ద కదలిక వస్తుంది. పరికరం నడుస్తున్నప్పుడు తొట్టిలోని చేపలు చచ్చిపోయేవి, నీటిలో చెయ్యి పెడితే నొప్పి పుట్టేది. 1918లో జలాంతర్గామి నుంచి ప్రతిధ్వని వచ్చింది. నేటికీ ఎన్నో సోనార్ల గుండె ఆ ఉక్కు–స్ఫటికం–ఉక్కు కట్టే.

ఇక్కడ మన మనిషి ప్రవేశిస్తాడు. సూరి భగవంతం 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాద్ నిజాం కాలేజీలో చదివి, 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ దగ్గర చేరారు. 1930లలో వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. 1935–36లలో రామన్, నాగేంద్రనాథ్ కలిసి, అతిధ్వని ప్రయాణిస్తున్న ద్రవం గుండా వెలుగు పంపితే అది చారలు చారలుగా ఎందుకు చీలుతుందో సిద్ధాంతం ఇచ్చారు. వాల్తేరులో భగవంతం, ఆయన శిష్యులు ఆ దారి పట్టారు. పలుగురాయి పలకను ద్రవంలో ముంచి, రేడియో వాల్వులతో దాన్ని అదిరించి, చారల ఎడం కొలిచి, ద్రవంలో ధ్వని వేగం లెక్కగట్టేవారు. లాంజెవాన్ యుద్ధం కోసం వాడిన స్ఫటికాన్నే వీళ్ళు పదార్థం లోగుట్టు తెలుసుకోవడానికి వాడారు. బంగాళాఖాతం కనిపించే గుట్ట మీద తెలుగువాళ్ళు ద్రవంలో ధ్వని పుట్టించిన తొలి రోజులవి.

భగవంతానికి ఇంకో పట్టు ఉంది, స్ఫటిక సౌష్ఠవం. స్ఫటికాలు 32 తరగతులు. వాటిలో నొక్కితే విద్యుత్తు పుట్టించేవి 20 మాత్రమే. సౌష్ఠవ కేంద్రం ఉన్న స్ఫటికాన్ని ఎంత నొక్కినా ప్రయోజనం లేదు. ఒక ముఖం మీద పుట్టబోయే ఆవేశాన్ని ఎదుటి ముఖం రద్దు చేస్తుంది. ఏ తరగతికి ఎన్ని భౌతిక స్థిరాంకాలు కావాలో గణితంతో తేల్చిన వారిలో భగవంతం ముఖ్యులు. 1966లో ఆ విషయం మీద పుస్తకమే రాశారు. ఆయన 1950లలో ఉస్మానియా వైస్‌ఛాన్సలర్, తర్వాత బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్, 1961 నుంచి 1969 దాకా రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. ఆ ఎనిమిదేళ్ళలోనే క్షిపణి పరిశోధనశాల డీఆర్‌డీఎల్ 1962లో ఢిల్లీ నుంచి హైదరాబాద్ వచ్చింది, 1963లో లోహ పరిశోధనశాల డీఎంఆర్‌ఎల్ ఇక్కడ మొదలైంది. 1969 ఆగస్టులో విశాఖలో నౌకాదళ సాంకేతిక పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ పుట్టింది. 1970లో క్షిపణులు తయారుచేసే భారత్ డైనమిక్స్, 1973లో ప్రత్యేక లోహాలు పోసే మిధాని వచ్చాయి. విశాఖ నీటినీ కంచన్‌బాగ్ నిప్పునూ కలిపిన గీత ఆ ఏళ్ళలో పడిందే.

ఇంతకీ కష్టం ఎక్కడుంది? ధ్వని దూరం పోవాలంటే దాని శ్రుతి తక్కువగా ఉండాలి. సెకనుకు లక్షసార్లు అదిరే ధ్వని సముద్రంలో ఒక కిలోమీటరు పోయేసరికి నీరు పీల్చేసి వెయ్యో వంతు కూడా మిగలనివ్వదు. వెయ్యిసార్లు అదిరే ధ్వనిలో అదే కిలోమీటరుకు నీరు పీల్చేది నూటికి ఒకటి రెండు వంతులే. మరి తక్కువ శ్రుతే వాడొచ్చు కదా? వెయ్యి అదుర్ల ధ్వనికి నీటిలో తరంగం పొడవు మీటరున్నర, వంద అదుర్లకు 15 మీటర్లు. తరంగం కంటే బాగా చిన్నదైన పరికరం ఎంత అదిరినా నీరు దాని చుట్టూ అటూ ఇటూ జారిపోతుందే తప్ప ధ్వనిగా దూరం పోదు. వేలితో విసురుకుంటే గాలి రాదు, విసనకర్ర కావాలి. 15 మీటర్ల విసనకర్రను టార్పెడో ముక్కులో పెట్టలేం. కాబట్టి చిన్న పరికరమే చాలా ఎక్కువ దూరం కదలాలి. అంత కదలిక ఇచ్చే పదార్థం కావాలి. ఇంజనీర్ల సమస్య లోహశాస్త్రవేత్త బల్ల మీదికి వచ్చింది ఈ మలుపులోనే.

రెండో ప్రపంచయుద్ధం నాటికి పలుగురాయితో పాటు నికెల్ వాడుకలో ఉంది. అయస్కాంత క్షేత్రంలో పెడితే కొన్ని లోహాల పొడవు రవ్వంత మారుతుందని 1840లలోనే జేమ్స్ జౌల్ చూశాడు. నికెల్‌లో ఆ మార్పు మీటరుకు 30, 40 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందం కూడా ఉండదు. పైగా లోహంలో సుడిప్రవాహాలు పుట్టి కరెంటు వేడిగా పోయేది. అందుకని నికెల్‌ను రేకులుగా పేర్చి కట్టేవారు. 1940లలో బేరియం టైటనేట్ సిరామిక్, 1954లో అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో బెర్నార్డ్ జఫీ బృందం చేతుల మీదుగా సీసం–జిర్కోనియం–టైటానియం ఆక్సైడ్ల సిరామిక్ వచ్చాయి. ఆ రెండోదే పీజెడ్‌టీ.

ఈ పదార్థాల తేడా ఒక అంకెలో కనిపిస్తుంది. పదార్థంలో నిలవైన విద్యుత్ శక్తిలో ఎంత భాగం యాంత్రిక శక్తిగా మారగలదో చెప్పే అంకె అది. పలుగురాయికి నూటికి ఒకటి. నికెల్‌కు పదిలోపు. బేరియం టైటనేట్‌కు పాతిక దరిదాపు. పీజెడ్‌టీకి యాభై. మిగతాదంతా వేడైపోతుందని కాదు. అది తిరిగి సరఫరాలోకి పోయి, మళ్ళీ వచ్చి, ఊరికే తిరుగుతుంటుంది. ఆ తిరుగుడు కరెంటును మోయడానికి ఆంప్లిఫయర్ పెద్దదవ్వాలి, తీగలు లావవ్వాలి, ప్రతి తిరుగుడులో కొంత శక్తి పోతుంది. అంకె పెరిగితే పరికరం చిన్నదవుతుంది, చల్లగా పనిచేస్తుంది, ఒకే శ్రుతికి కట్టుబడకుండా నాలుగు శ్రుతుల్లో మాట్లాడుతుంది. సోనార్ పొదుపులో సర్క్యూట్లకూ పాత్ర ఉంది. కానీ పెద్ద మెట్లన్నీ కొత్త పదార్థం కొలిమిలోంచి వచ్చినప్పుడే ఎక్కారని నా నిశ్చితాభిప్రాయం. పై అంకెలే సాక్ష్యం.

పీజెడ్‌టీ బిళ్ళ తయారయ్యే తీరు చూడండి. సీసం, జిర్కోనియం, టైటానియం ఆక్సైడ్ల పొడులు తూచి కలుపుతారు. 850, 900 డిగ్రీల దగ్గర ఒకసారి కాలుస్తారు. మళ్ళీ గుండ్ల మరలో నూరి, అచ్చులో ఒత్తి, 1200 డిగ్రీల పైన కాలుస్తారు. ఆ వేడికి సీసం ఆక్సైడ్ ఆవిరై పారిపోతుంది. నూటికి ఒకటి రెండు పాళ్ళు పోయినా బిళ్ళ గుణం చెడుతుంది. అందుకని మూత బిగించిన మూసలో, చుట్టూ సీసం ఉన్న పొడి పరిచి, ఆ ఆవిరిలోనే కాలుస్తారు. చల్లారాక రెండు ముఖాలకూ వెండి పూత. ఆపైన వేడి నూనెలో ముంచి, మిల్లీమీటరు మందానికి రెండు మూడు వేల వోల్టులు పెట్టి ఉంచుతారు. లోపల తలో దిక్కుగా ఉన్న చిన్న చిన్న విద్యుత్ ప్రాంతాలు ఒకే దిక్కుకు తిరుగుతాయి. అప్పటికి గానీ ఆ మట్టిబిళ్ళకు ప్రాణం రాదు. డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు హైదరాబాద్ విశ్వవిద్యాలయం వారితో కలిసి లాంథనం కలిపిన పీజెడ్‌టీ మీద పనిచేశారు. పొడిని అధికశక్తి గుండ్ల మరలో నానోమీటర్ల స్థాయికి నూరారు. పొడి అంత సన్నమైతే తక్కువ వేడికే అతుక్కుంటుంది, సీసం నష్టం తగ్గుతుంది, బిళ్ళ గట్టిగా వస్తుంది. ఆ పరిశోధన పత్రాలు అంతర్జాతీయ పత్రికల్లో అచ్చయ్యాయి. ఎవరైనా చదువుకోవచ్చు.

డీఎంఆర్‌ఎల్ చేసిన రెండో పని నన్ను మరీ ఆకట్టుకుంది. 1970లలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో ఆర్థర్ క్లార్క్ బృందం టెర్ఫెనాల్–డి అనే మిశ్రమలోహం తీసింది. అందులో టెర్బియం, డిస్ప్రోసియం, ఇనుము ఉంటాయి. అయస్కాంత క్షేత్రంలో మీటరు కడ్డీ ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు సాగుతుంది. నికెల్‌తో పోలిస్తే యాభై రెట్లు. టెర్బియం ఇనుముతోనే ఇంకా ఎక్కువ సాగుదల వస్తుంది, కానీ అందుకు భరించలేనంత బలమైన క్షేత్రం కావాలి. టెర్బియం అయస్కాంతత్వం ఒక దిక్కున మొండికేస్తే, డిస్ప్రోసియంది ఇంకో దిక్కున మొండికేస్తుంది. మూడు పాళ్ళకు ఏడు పాళ్ళుగా కలిపితే మామూలు ఉష్ణోగ్రతలో రెండు మొండితనాలూ దాదాపు చెల్లుకు చెల్లు. అప్పుడు కొద్దిపాటి క్షేత్రానికే కడ్డీ మాట వింటుంది. కరెంటు ఆదా అంతా ఆ పాళ్ళలో ఉంది.

పాళ్ళు కుదిరినంత మాత్రాన చాలదు. కరిగిన లోహం ఇష్టమొచ్చినట్టు గడ్డకడితే స్ఫటికాలు తలో దిక్కుకు తిరిగి, ఒకటి సాగుతుంటే పక్కది అడ్డుపడుతుంది. ఒక కొస నుంచి ఇంకో కొసకు, నెమ్మదిగా, ఒకే దిశలో గడ్డకట్టించాలి. డీఎంఆర్‌ఎల్ బృందం 2000 తర్వాతి దశకంలో ప్రచురించిన పత్రాల్లో ఈ పనే ఉంది. ఏ వేగంతో గడ్డకట్టిస్తే స్ఫటికాలు ఏ దిక్కుకు తిరుగుతాయి, ఇనుము రవ్వంత తగ్గినా పెరిగినా ఏ పనికిరాని ముద్ద మధ్యలో పుట్టుకొస్తుంది, సాగుదల ఎంత మారుతుంది అన్నవి కొలిచి పెట్టారు. ఈ కడ్డీ నొక్కుడుకు గట్టిది, లాగుడుకు పెళుసు. అందుకే ట్రాన్స్‌డ్యూసర్‌లో ఉక్కు బోల్టుతో ముందే బిగించి వాడతారు. వేగంగా అదిరించాలంటే సుడిప్రవాహాలు తగ్గేలా పొడవునా పలకలుగా కోయాలి.

ఈ వాతావరణం ఇక్కడ ఊరికే రాలేదు. 1982 నుంచి 1991 దాకా డీఎంఆర్‌ఎల్ డైరెక్టర్‌గా ఉన్న పల్లె రామారావు గారు లోహశాస్త్రాన్ని మౌలిక పరిశోధన స్థాయికి తెచ్చిన తెలుగువారు. బాలాపూర్‌లో పొడిలోహశాస్త్ర కేంద్రం ఏఆర్‌సీఐ వెనక కూడా ఆయన చెయ్యి ఉంది. ఎల్బీనగర్ నుంచి బాలాపూర్ దాకా ఉన్న ఈ చిన్న వంపులో పొడులు, కొలిముల మీద ఇంత విద్య పోగవడం దేశంలో అరుదైన సంగతి.

ఇలాంటి పదార్థాలతో చేసే ధ్వని పరికరాల రూపకల్పన కొచ్చిలోని నౌకాదళ భౌతిక, సముద్రశాస్త్ర పరిశోధనశాల ఎన్‌పీఓఎల్, విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ చేతుల్లో ఉంది. వాళ్ళ ఘనత వాళ్ళదే. ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన తేలికపాటి టార్పెడోను, 2016లో నౌకాదళానికి అప్పగించిన వరుణాస్త్రను భారత్ డైనమిక్స్ తన విశాఖ యూనిట్‌లో తయారుచేస్తోంది. టార్పెడో బ్యాటరీలో అధికభాగం మోటారుకే పోతుంది, ధ్వనికి దక్కేది కొంతే. శత్రువు టార్పెడోను దారి తప్పించే మారీచ్ వ్యవస్థలో పరిస్థితి వేరు. 2020 జూన్‌లో నౌకాదళంలో చేరిన ఆ వ్యవస్థ ఓడ గొంతును అనుకరించి టార్పెడోను తనవైపు లాక్కుంటుంది. రాముడి గొంతుతో లక్ష్మణుణ్ణి కేకేసిన మారీచుడి పేరు దానికి సరిగ్గా సరిపోయింది. ఓడ వెనక కేబుల్‌కు కట్టి లాగే ఆ చిన్న గొట్టంలో కరెంటంతా ధ్వని కోసమే. వేడి ఎంత తక్కువ పుడితే అంత ఎక్కువసేపు అది అరవగలదు.

యుద్ధం ఊసు లేని వాడకమూ హైదరాబాద్‌లోనే ఉంది. ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కి మియాపూర్‌లో దిగితే ప్రగతినగర్ దగ్గరే. అక్కడి సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్‌లో 2004 డిసెంబరు సునామీ తర్వాత, 2007 అక్టోబరులో, సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. వేల మీటర్ల లోతున సముద్రపు అడుగున పెట్టిన పీడన మాపకం నీటిమట్టంలో తేడాను పసిగట్టి, ధ్వని రూపంలో పైన తేలే బోయాకు పంపుతుంది. బోయా ఉపగ్రహానికి, ఉపగ్రహం హైదరాబాద్‌కు. అడుగునున్న పరికరానికి బ్యాటరీ మార్చాలంటే ఓడే పోవాలి. ఒక్కో కబురుకు ఎంత కరెంటు ఖర్చయిందన్నదాని మీద అది ఎన్నాళ్ళు మేలుకుని ఉంటుందో ఆధారపడుతుంది. ఉప్పాడ, మంగినపూడి తీరాల్లో పడుకున్నవాళ్ళ నిద్రకు ఆ బ్యాటరీ కాపలా.

ఇక ముందు మాట. 1997లో అమెరికాలోని పెన్‌స్టేట్ విశ్వవిద్యాలయంలో పార్క్, ష్రౌట్ అనే ఇద్దరు సీసం–మెగ్నీషియం–నియోబియం జాతి ఏకస్ఫటికాల్లో అబ్బురపరిచే సాగుదల చూపించారు. నేను పైన చెప్పిన అంకె వాటికి ఎనభై దాటుతుంది. వాటిని పెంచడం కష్టం, ఖరీదు ఎక్కువ. టెర్ఫెనాల్‌కు వేరే చిక్కుంది. మన భీమిలి, శ్రీకాకుళం ఇసుకల్లోని మోనజైట్‌లో తేలిక జాతి అరుదు మృత్తికలు దండిగా ఉన్నా, టెర్బియం, డిస్ప్రోసియం లాంటి బరువు జాతివి అతి స్వల్పం. 2025 ఏప్రిల్‌లో చైనా ఈ రెంటితో సహా ఏడు మూలకాల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. ఇరవై ఏళ్ళ కిందట కంచన్‌బాగ్‌లో ఆ మూలకాలతో కడ్డీలు పోసి నేర్చుకున్న విద్య ఎంత విలువైందో ఇప్పుడు తెలుస్తోంది. మూలకం కరువైనప్పుడు తక్కువ సరుకుతో ఎక్కువ సాగుదల రాబట్టేది ఆ విద్య తెలిసిన చేతులే.

ఆ చేతుల్లో చాలామటుకు ఇప్పుడు విశ్రాంత జీవితంలో ఉన్నాయి. చంపాపేట, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం, సరూర్‌నగర్ కాలనీల్లో డీఎంఆర్‌ఎల్, మిధాని, భారత్ డైనమిక్స్‌లలో పనిచేసి రిటైరైన కుటుంబాలు వీధికి ఒకటైనా ఉంటాయి. కొలిమి దగ్గర నిలబడ్డ ఫోర్‌మెన్, మూసలు కట్టిన కార్మికుడు, కొలతలు రాసిన టెక్నీషియన్ జ్ఞాపకాలు ఏ పరిశోధన పత్రంలోనూ ఉండవు. రహస్యాలు ఎవరూ అడగడం లేదు. మొదటి రోజు బస్సు ఎక్కడ దిగారు, క్యాంటీన్ ఎలా ఉండేది, తొలి కొలిమి ఎవరు కట్టారు, ఏ పని రాత్రిళ్ళు నిద్ర లేకుండా చేసింది, ఇవి చాలు. మీ ఇంట్లో అలాంటి పెద్దలుంటే ఈ ఆదివారమే పక్కన కూర్చుని అడగండి, తెలుగులో రాసి పెట్టండి, ఒక ప్రతి ఈ పత్రిక చిరునామాకు పంపండి. వచ్చే భాగం మిధాని కార్మికుల గురించి.